నా చేతిలో తెగింది

ఆకలి వేయడం ఏమిటసలు, ఎక్కడినుంచి వచ్చి ఎవరిమీద వేస్తుంది, అనుకుంటూ మాస్టారు రోడ్డు దాటాడు. నిద్ర వస్తుంది. కోపం వస్తుంది. దగ్గూ జ్వరమూ చుట్టాల్లాగా చెప్పాపెట్టకుండా వస్తాయి, మర్యాద చేసినంతకాలం ఉండి పోతాయి. మనిషి మాత్రం ఏమీ ఎరగనట్టు గుమ్మంలో నిలబడి ఉంటాడు. ఇంగ్లీషువాడు అలా కాదు. ఆకలైతే 'ఐ యామ్ హంగ్రీ' అంటాడు. ఆకలీ తనే, కోపమూ తనే, అన్నిటికీ ముందు తనే. ఆ పద్ధతి మీద మాస్టారుకి ముప్పై ఏళ్లుగా గౌరవం. ఆ గౌరవంలో తనమీద తనకున్న గౌరవం కూడా కాస్త కలిసిపోయి ఉందని అతనికి తెలుసు. తెలిసినందుకు తనని తాను ఇంకాస్త మెచ్చుకున్నాడు. అప్పటికి లాండ్రీ గేటు వచ్చింది.

ఊళ్లోని ఆసుపత్రుల దుప్పట్లూ హోటళ్ల దుప్పట్లూ అన్నీ ఆ లాండ్రీకే వస్తాయి. వారానికి మూడు రోజులు, మధ్యాహ్నం యంత్రాలు ఆపిన గంటలో, మాస్టారు అక్కడ పనివాళ్లకి ఇంగ్లీషు చెబుతాడు. యంత్రాల మీద హెచ్చరికలన్నీ ఇంగ్లీషులోనే ఉంటాయి. పైగా ఇస్త్రీ చేసే పెద్ద యంత్రం మీద పనిచేసేవాళ్లు, ఏదైనా జరిగితే, ఏం జరిగిందో తమ చేత్తో ఇంగ్లీషులో రాసివ్వాలని హెడ్డాఫీసు నియమం. రాయడం రానివాళ్లకి ఆ యంత్రం లేదు. అందుకే అన్నం డబ్బాలు మూసీ మూయకముందే పాతికమంది వచ్చి, మడత పెట్టిన దుప్పట్ల దొంతర్ల మీద కూచుంటారు. గదంతా వేడి గుడ్డ వాసన. అలాంటి మెత్తటి బెంచీలు ఏ కాలేజీలోనూ లేవని మాస్టారు అక్కతో అంటుంటాడు.

ఆ సోమవారం ఫిట్టరు ముందుగా చెయ్యెత్తాడు. నెరిసిన మీసం, చెవి మీద పెన్సిలు, ఎప్పుడూ ఏదో ఒక పేచీ.

"మాస్టారూ, మేము అన్నా 'వి' యే, మనం అన్నా 'వి' యేనా?"

"రెండూ 'వి' యే."

"మరి మేనేజరు గారు బోర్డు మీద 'వి విల్ వర్క్ ఆన్ సండే' అని రాశారు. అందులో ఆయన ఉన్నట్టా, లేనట్టా?"

దొంతర్ల మీద నవ్వు ఒక చివరినుంచి ఇంకో చివరికి పాకింది. అది గ్రామరుకి అందని విషయమనీ, ఆదివారం వచ్చి చూసుకోవడమే దారి అనీ మాస్టారు చెప్పాడు. తరవాత బస్సు సంగతి వచ్చింది. కారుకి 'ఇన్' పెట్టి బస్సుకి 'ఆన్' ఎందుకు పెట్టాలని ఒకామె అడిగింది. బస్సు మీదెక్కి కూచుంటే కండక్టరు ఊరుకుంటాడా అని ఆమె గోడు. మాస్టారు నల్లబల్లమీద బస్సు బొమ్మ గీసి, లోపల నిలబడి నడవగలిగితే 'ఆన్' అని చెప్పాడు. "మా బస్సులో నిలబడ్డానికే చోటుండదు, ఇంక నడిచేదెక్కడ," అంది ఆమె. అందరూ ఆమె పక్షమే చేరారు.

ఇంత సందడిలోనూ మొదటి దొంతర ఖాళీగా ఉన్న సంగతి మాస్టారు గమనించాడు. అది వదిన చోటు. ఆమె పెద్ద యంత్రం మీద పనిచేస్తుంది. తడి దుప్పటికి ఒక కొస ఆమె, ఇంకో కొస ఆమె ఆడపడుచు పట్టుకుని, రెండూ ఒక్కసారే రోలరు కింద ఉన్న బెల్టుల మీదికి అందిస్తారు. అవతలినుంచి అది అప్పడంలాగా చదునై వస్తుంది. ఆడపడుచు పిలిచినట్టే పిలవగా పిలవగా ఆమె లాండ్రీ అంతటికీ వదిన అయింది. ఆడపడుచుని అందరూ మరదలంటారు. ఇద్దరూ పొద్దున్నుంచీ కొస కొసకీ పోట్లాడుకుంటారు గాని, దుప్పటి ఎప్పుడూ వంకరపోదు.

ఈ పూట మరదలు ఒక్కతే కూచుంది. చేతిలో పెన్ను ఉంది గాని మూత తియ్యలేదు. ఏమైందని అడుగుదామనుకున్నాడు మాస్టారు. కాని అప్పుడే ఎవరో 'హాజ్' కీ 'హ్యాడ్' కీ తేడా అడిగారు. అలాంటి ప్రశ్న వస్తే అతనికి మనుషులు కనిపించరు.

క్లాసు అయ్యాక వెనక దారిన వెళ్తుంటే మాసిన బట్టల గది తలుపు తెరిచి ఉంది. ఆసుపత్రి మూటలు విప్పి, మరకలున్నవి వేరు, లేనివి వేరు చేసే గది అది. లోపల ఇద్దరున్నారు. ముక్కుకి గుడ్డ కట్టుకుని, మోచేతుల దాకా రబ్బరు తొడుగులేసుకుని, ఒక మూట దులుపుతున్నది వదిన. ఒక్కో దుప్పటినీ ఎత్తి వెలుతురుకి పట్టి, జేబులో వస్తువులు వెతికినట్టు మడతలు తడిమి, ఇటో అటో వేస్తోంది. ఆరేళ్లు ఆ గదిలో పనిచేసి, ఇంగ్లీషు పరీక్ష రాసి, పోయిన ఏడాదే పెద్ద యంత్రం దగ్గరికి వెళ్లింది.

అతన్ని చూసి ముక్కుగుడ్డ కిందికి దించి, తలుపు దాకా వచ్చింది. గడప దాటలేదు.

"మాస్టారూ, ఒక డౌటు."

"డౌట్ కాదమ్మా, క్వశ్చన్."

"సరే, క్వశ్చన్. మీరు గుడ్ అని వేశారు కదా. గుడ్ వేసిన వాక్యానికి నన్ను మళ్లీ ఇక్కడికెందుకు పంపారండీ?"

ఏ వాక్యమన్నాడు మాస్టారు. ఆమె చేతులు వెనక్కి పెట్టుకుని, పరీక్షలో నిలబడ్డట్టు నిలబడి అప్పజెప్పింది.

"ఐ బ్రోక్ ద బెల్ట్ విత్ మై హ్యాండ్."

ఉచ్చారణ బాగుంది. 'ద' ఎక్కడుండాలో అక్కడుంది. మాస్టారుకి ముందు సంతోషం వేసింది. తరవాత అర్థమైంది.

సంగతి ఆమే చెప్పింది. పోయిన గురువారం దుప్పటి అందిస్తుంటే యంత్రం బెల్టు పుటుక్కున తెగి, దుప్పటి రోలరుకి చుట్టుకుని, యంత్రం ఆగిపోయింది. జరిగింది ఫారంలో రాయమన్నారు. ఫారం పాడవుతుందని ముందు నోట్సులో రాసి, శుక్రవారం క్లాసులో మిగతా నోట్సులతోపాటు మాస్టారు ముందు పెట్టింది. ఆయన దిద్దారు, గుడ్ వేశారు. దాన్ని అక్షరం పొల్లుపోకుండా ఫారంలో ఎక్కించింది. శనివారం పొద్దున్నే ఇక్కడ వేశారు. ఇంక ఇక్కడేనన్నారు. ఈ ఏడాదినుంచి ఈ గది వాళ్లకి క్లాసు లేదు గనక ఇంగ్లీషు కూడా ఆగిపోయినట్టే.

"వాక్యంలో ఎక్కడో ఇంకా తప్పుంది మాస్టారూ. లేకపోతే ఇంత కోపమెందుకొస్తుంది వాళ్లకి? నాకు తెలీడంలేదు. మీరొకసారి చూడండి." చేతి తొడుగు తీసి, చీర కుచ్చిళ్ల దగ్గర దోపుకున్న నోట్సు అందించింది. "ఉంచుకుని నిదానంగా చూడండి. తొందరేం లేదు. ఇక్కడే ఉంటానని రాసిన కాగితం మీద గురువారం దాకా సంతకం పెట్టనన్నాను."

ఆమె గొంతులో నింద లేదు. అది ఉంటే మాస్టారుకి తేలికగా ఉండేది.

ఇంటికి వెళ్లి వరండాలో కూచుని, ఎండ ఉండగానే నోట్సు తెరిచాడు. ఎర్ర సిరాతో తను రాసింది పైన మెరుస్తోంది. దాని కింద కొట్టివేత గీత వెనకాల, పెన్సిలుతో, గుండ్రటి అక్షరాలతో ఆమె రాసింది: 'మై హ్యాండ్ ఇన్ బెల్ట్ బ్రోక్.'

మాస్టారు దాన్ని ఇంగ్లీషులో ఒకసారి చదివాడు. అప్పుడూ అలాగే చదివి ఉంటాడు. పక్కన టీ చల్లారుతోంది, దిద్దవలసిన నోట్సులు పాతిక. చెయ్యి, బెల్టు, తెగడం అన్న మూడు ముక్కలు కనిపించాయి. మూడూ కలిపి కుట్టాడు. ముందు 'ఐ' పెట్టగానే వాక్యం నిటారుగా నిలబడింది. ఆ నిలబడడం చూసి ముచ్చటేసి గుడ్ అని కూడా వేశాడు. మొత్తం ఆరు సెకన్లు పట్టి ఉంటుంది.

ఇప్పుడు తెలుగులో చదివాడు. నా చేతిలో బెల్టు తెగింది.

లోపల వంటింట్లో ఏదో టక్కుమంది. అక్క బయటికొచ్చింది, ఒక చేతిలో కప్పు, ఇంకో చేతిలో దాని పిడి.

"చూశావురా, పిడి నా చేతిలోకి ఊడొచ్చింది."

"నువ్వు విరగ్గొట్టావా?"

"నేనెందుకు విరగ్గొడతాను? ఊడొచ్చిందంటుంటే."

"ఇంగ్లీషులో అయితే అక్కా, రెంటికీ ఒకటే మాట. 'బ్రోక్'."

"అయితే ఆ ఇంగ్లీషువాణ్ణే వచ్చి కడుక్కోమను," అని అక్క పిడిలేని కప్పుని కిటికీలో పెట్టింది, దువ్వెనలు పెట్టుకోవడానికి పనికొస్తుందని. తరవాత తమ్ముడి మొహం చూసి ఏమైందని అడిగింది. అతను చెప్పాడు. చెబుతున్నంతసేపూ వాక్యాన్ని గురించే చెప్పాడు. కర్త ఎక్కడ, క్రియ ఎక్కడ, విభక్తి ఎలా తలకిందులైంది అన్నాడు. అక్కకి ఇంగ్లీషు రాదు. అంతా విని ఒకటే అడిగింది.

"ఆవిణ్ణి పిలిచి, అమ్మా ఏమైంది అని అడిగావా?"

మాస్టారు నోట్సు మూశాడు.

మర్నాడు పొద్దున మేనేజరు గదికి వెళ్లాడు. దారి పొడుగునా ఏమనాలో అనుకుంటూనే వెళ్లాడు గాని, కుర్చీలో కూచునేసరికి నోట్లోంచి వచ్చింది వేరు. ఫారం విషయంలో చిన్న పొరపాటు దొర్లిందన్నాడు. దొర్లడమంటే, కొండమీది గులకరాయిలాగా, ఎవరూ తొయ్యకుండా తనంతట తనే దొర్లుకుంటూ వచ్చిందన్నమాట. ఆకలీ నిద్రా కోపమూ వచ్చే దారినే పొరపాటు కూడా వచ్చింది. ముప్పై ఏళ్ల ఇంగ్లీషు గౌరవం ఒక్క క్షణంలో ఎటు పోయిందో మాస్టారు ఆశ్చర్యంగా గమనించాడు. గమనించి కూడా ఊరుకున్నాడు.

మేనేజరు చెడ్డవాడు కాదు. కాగితాన్ని నమ్మే మనిషి. ఫారం తీసి చూసుకున్నాడు. ఇందులో పొరపాటెక్కడుందన్నాడు. బెల్టు పాతదని ఫిట్టరు చెప్పాడు, నిజమే కావచ్చు. కాని తనే చేత్తో తెంపానని ఆవిడ స్వయంగా రాసిచ్చాక ఇంకెవరి మాట నిలుస్తుంది? పోనీ, ఆవిడ ఒకటనుకుని ఇంకొకటి రాసిందంటారా, అప్పుడు ఆవిడకి ఇంగ్లీషు రానట్టే గదా, యంత్రం మీద ఎలా ఉంచుతాం? ఎటు చూసినా మాసిన బట్టల గదే.

ఆ మాట అని, నవ్వు మొహం పెట్టాడు. "ఒకటి మాత్రం చెప్పాలి మాస్టారూ. ఇంత స్పష్టంగా రాసిన ఫారం ఇంతవరకు రాలేదని హెడ్డాఫీసువాళ్లు ఫోన్ చేశారు. మీ క్లాసు గురించి అడిగారు. మిగతా రెండు బ్రాంచీల్లో కూడా మీచేతే పెట్టిద్దామంటున్నారు."

మాస్టారు థాంక్స్ చెప్పాడు. చెప్పి, బయటికొచ్చి, మెట్లమీద నిలబడ్డాడు. లోపల్నించి పెద్ద యంత్రం చప్పుడు వస్తోంది. బెల్టు కొత్తది వేసినట్టున్నారు. తెరిచిన తలుపులోంచి చూస్తే, మరదలి పక్కన ఎవరో కొత్తామె నిలబడి కొస అందిస్తోంది. దుప్పటి అవతలినుంచి మూల మడతపడి, కుక్క చెవిలాగా బయటికొచ్చింది. మరదలు యంత్రం ఆపి, దాన్ని మళ్లీ నీళ్లలో వేసింది.

బుధవారం క్లాసులో మాస్టారు తనకి తెలియకుండానే ఆ మాట దగ్గరికే వెళ్లాడు. తెలియకుండా ఏమిటి, తెలిసే. తెగింది, తెంపాను. చిరిగింది, చింపాను. పగిలింది, పగలగొట్టాను. నల్లబల్లమీద రెండు వరసల్లో రాసి, వీటికి ఇంగ్లీషులో రెండేసి మాటలు లేవన్నాడు. 'ద బెల్ట్ బ్రోక్' అంటే అదే తెగింది. 'ఐ బ్రోక్ ద బెల్ట్' అంటే నేను తెంపాను. మాట అదే, ముందు ఎవరు నిలబడితే నేరం వాళ్లది.

"ఇదేదో దొంగలకి బాగుందే," అన్నాడు ఫిట్టరు. "తాళం నేను పగలగొట్టలేదండీ, నేను వెళ్లేసరికి బ్రోక్ అనొచ్చు."

అందరూ నవ్వారు. మరదలు నవ్వలేదు. బల్లమీది రెండు వరసలూ పెదవులతో చదువుకుంటోంది. తరవాత లేచి నిలబడింది.

"మాస్టారండీ, అయితే మా వదిన ముందు పెన్సిలుతో రాసిందే, దాంట్లో 'ఐ' లేదు. నేను పక్కనే కూచుని చూశాను. అది కరెక్టా?"

మాస్టారు సుద్దముక్క బల్ల అంచున పెట్టాడు.

"దాదాపు కరెక్టే," అన్నాడు మాస్టారు.

దాదాపు అన్న మాటని తను అన్నట్టు కాక, ఎవరో తన నోటితో అన్నట్టు విన్నాడు. బెల్లు మోగింది. వెళ్తూ వెళ్తూ మరదలు బల్ల దగ్గర ఆగి, రెండో వరసలో 'తెంపాను' అన్న చోట వేలు పెట్టి, సుద్ద వేలికంటిందో లేదో చూసుకుని వెళ్లిపోయింది. ఫిట్టరు మాత్రం చివరిదాకా ఉన్నాడు. పెన్సిలు చెవి మీంచి తీసి, మళ్లీ పెట్టుకున్నాడు. ఆ బెల్టు కుట్టు దగ్గర దారాలు లేచిపోయి ఉన్నాయనీ, తను రెండుసార్లు చెప్పాననీ, కాని తను చెప్పింది నోటితో కావడంతో అది గాల్లో కలిసిపోయిందనీ అన్నాడు. "రాయడం వచ్చినవాళ్లవే రోజులు మాస్టారూ," అని నవ్వుతూనే వెళ్లాడు.

ఆ సాయంత్రం అక్క మళ్లీ ఏమీ అడగలేదు. అడక్కుండా ఉండడం ఆవిడకి చాలా కష్టమైన పని. రెండుసార్లు నోరు తెరిచి, రెండుసార్లూ కూర గురించి మాట్లాడింది.

గురువారం పదకొండింటికి మేనేజరు గదిలో సంతకం. వదిన అడిగిందని మాస్టారుని కూడా పిలిపించారు. ఆయన పక్కనుంటే వాక్యంలో తప్పెక్కడుందో అప్పటికప్పుడు చెబుతారని ఆమె ఆశట. అతను వెళ్లేసరికి ఆమె నిలబడి ఉంది. రబ్బరు తొడుగులు తీసి చంకలో పెట్టుకుంది. చేతులు ఎక్కువసేపు తడిలో నానినవాళ్ల చేతుల్లాగా ముడతలు పడి ఉన్నాయి. బల్లమీద రెండు కాగితాలు. ఒకటి ఆ ఫారం, రెండోది ఆమె ఇకమీదట మాసిన బట్టల గదిలోనే ఉండడానికి ఒప్పుకుంటున్నట్టు రాసింది. మరదలు తలుపు బయట, దుప్పట్ల బండి తోస్తున్నట్టు నటిస్తూ, ఒకే చోట నిలబడి ఉంది.

"ఏం మాస్టారూ, దొరికిందా తప్పు?" అంది వదిన.

మాస్టారు సంచీలోంచి నోట్సు తీసి, ఆ పేజీ తెరిచి, మేనేజరు ముందు పెట్టాడు.

మేనేజరు కళ్లద్దాలు పెట్టుకున్నాడు. పైన ఎర్ర సిరా చదివాడు, ఫారం చదివాడు, రెండూ ఒకటేనన్నాడు. అప్పుడు కింద పెన్సిలు వాక్యం చూశాడు. ఇదేమిటన్నాడు.

"అది ఆమె రాసింది. నా చేతిలో బెల్టు తెగింది అని రాసింది. మాటల వరస తప్పింది, విషయం సరిగ్గానే ఉంది. పైనది నేను రాసింది. వరస సరిగ్గా ఉంది, విషయం తప్పు."

"అంటే?" అన్నాడు మేనేజరు.

"అంటే తెంపాను అని ఈ గదిలో ఎవరూ అనలేదు. నేను తప్ప."

వదిన నోట్సు వైపు వంగింది. పెన్సిలు అక్షరాల మీద వేలు పెట్టి, తన అక్షరాలని ఎప్పుడో పారేసుకున్న వస్తువు దొరికినట్టు చూసింది.

"అయితే నాకు ఇంగ్లీషు వచ్చినట్టేనా?"

"'ద బెల్ట్ బ్రోక్ ఇన్ మై హ్యాండ్.' నువ్వు రాసిన మాటలే. కొంచెం అటూ ఇటూ జరిపితే చాలు. నేను జరపకుండా వేరేది రాశాను."

బయట బండి చక్రం కిర్రుమంది. మేనేజరు కుర్చీలో వెనక్కి వాలాడు. హెడ్డాఫీసుకి ఏం చెప్పమంటారన్నాడు. మీ వాక్యం చూసే గదా క్లాసులు పెడదామన్నారు, ఇప్పుడు దాన్ని మీరే తప్పంటే ఆ రెండు బ్రాంచీలు ఉండవేమో, అది కూడా ఆలోచించుకోమన్నాడు. ఆలోచించాననీ, రెండు రోజులు అదే ఆలోచించాననీ మాస్టారు చెప్పాడు.

"సరే. నోటి మాట నాకొద్దు. కాగితం మీద పెట్టండి. మీది అందగానే ఇది చించేస్తాను," అని మేనేజరు ఆ ఫారాన్ని ఎత్తి, రెండు చేతులా రెండు కొసలు పట్టుకుని కూచున్నాడు. "ఈ పూటే యంత్రం మీదికి వెళ్లొచ్చు. అక్కడ పొద్దున్నించి పన్నెండు దుప్పట్లు మళ్లీ ఉతికారు."

"పదమూడు," అంది తలుపు అవతలినుంచి మరదలు.

మాస్టారు తెల్లకాగితం లాక్కుని రాశాడు. ఒక్క వాక్యం. ముప్పై ఏళ్ల అలవాటు, కలం ఎక్కడా ఆగలేదు. 'ఎ మిస్టేక్ వాజ్ మేడ్ ఇన్ కరెక్టింగ్ ద సెంటెన్స్.' చదువుకున్నాడు. ఒక్క మచ్చ లేదు. ఏ పరీక్షలోనైనా నూటికి నూరు. మేనేజరు వైపు తిప్పబోయాడు. ఎందుకో ఆగి, దాన్ని వదిన ముందుకి జరిపాడు.

"చదువమ్మా. నేను చెప్పాలనుకున్నది ఇందులో వచ్చిందా?"

ఆమె చేతులు చీరకి తుడుచుకుని, వేలు కింద పెట్టి, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చదివింది. చివరిదాకా వెళ్లి మళ్లీ మొదటికి వచ్చింది. కనుబొమలు దగ్గరికి చేరాయి.

"బాగుంది మాస్టారూ. కాని..."

"చెప్పు."

"తప్పు జరిగింది అని ఉంది గాని, ఎవరు చేశారో లేదే. ఇది చదివితే వాళ్లు మళ్లీ నేనే అనుకోరూ?"

మేనేజరు దగ్గు వచ్చినట్టు మొహం పక్కకి తిప్పుకున్నాడు. కాని వచ్చింది దగ్గు కాదని ఆయన భుజాలు చెబుతున్నాయి. మాస్టారు కాగితం వైపు చూశాడు. ఆ వాక్యంలో తను ఎక్కడ దాక్కున్నాడో అతనికి స్పష్టంగా కనిపించింది, పరదా కింద కాళ్లు కనిపించినట్టు. నవ్వొచ్చింది. కాదు, నవ్వాడు. గట్టిగానే నవ్వాడు. వదినకి ఎందుకో తెలియకపోయినా ఆమె కూడా నవ్వింది.

మాస్టారు కాగితం తనవైపు లాక్కున్నాడు. రాసిన వాక్యం మీద ఎర్ర కలంతో ఆ చివరినుంచి ఈ చివరిదాకా గీత కొట్టాడు. దాని కింద, కొత్త వరస మొదట్లో, ఒక నిలువు గీత గీసి, పైనా కిందా చిన్న అడ్డగీతలు పెట్టి, 'ఐ' అని రాశాడు.